బిల్లు మీద మన మాట ఎక్కడ చెప్పాలి? ముసాయిదా, కమిటీ, ఓటింగ్: ఏది ఎప్పుడు పనికొస్తుంది

2014 ఫిబ్రవరి 18 మధ్యాహ్నం మన రెండు రాష్ట్రాల్లో టీవీ ముందు లేనివాళ్లు తక్కువ. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు లోక్‌సభ ముందుంది. ఉన్నట్టుండి ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. కాసేపటికి బిల్లు పాసైందని తెలిసింది, అదీ మూజువాణి ఓటుతో, అంటే ఎంపీలతో అవును, కాదు అని నోటితో అనిపించి. ఏ ఎంపీ బిల్లుకు అవునన్నారో, ఏ ఎంపీ కాదన్నారో పేర్లవారీగా చూద్దామంటే ఈరోజుకీ జాబితా లేదు.

ఆ బిల్లు న్యాయమా అన్యాయమా అన్న వాదన ఇక్కడ ఎత్తుకోను. అది పెళ్లి భోజనాల దగ్గర ఇంకా నడుస్తూనే ఉంది. దాని ప్రయాణం మాత్రం చూడండి. రాజ్యాంగం 3వ అధికరణ కింద అభిప్రాయం కోసం అసెంబ్లీకి వచ్చింది. జనవరి 30న అసెంబ్లీ తిరస్కరించింది. అసెంబ్లీ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడాల్సిన పని లేదు కాబట్టి బిల్లు ముందుకెళ్లింది. దారిలో ఏ పార్లమెంటరీ కమిటీ దగ్గరా ఆగలేదు. ఆగి ఉంటే విభజన ఆగేదని కాదు. కానీ ఆ తర్వాత రెండు రాష్ట్రాలూ ఏళ్ల తరబడి తగాదా పడిన ఆ చట్టం తొమ్మిదో, పదో షెడ్యూళ్లలోని ప్రభుత్వ సంస్థల పంపకం ఆ బిల్లులోని క్లాజుల సంగతే. క్లాజు క్లాజుగా కూర్చుని చదవాల్సిన పని సభలో గొడవ మధ్య జరగదు.

మా ఊరి వ్యాపారుల సంఘం తరఫున అర్జీలు రాసే పని చాలా ఏళ్లుగా నా నెత్తిన ఉంది. చట్టం మనకు తగిలేలా ఉందని తెలిసినప్పుడు ఏ గుమ్మం తొక్కాలన్నది నేను తప్పులు చేసే నేర్చుకున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మీ దగ్గర ఉన్న ఓపికలో ముప్పాతిక భాగం కమిటీ దశకే పెట్టండి. ఓటింగ్ రోజు పేపర్లకు పెద్ద వార్త. మనకు అప్పటికే ఆలస్యం.

ముసాయిదా దశ: దొరికితే వదలొద్దు

బిల్లు సభకు రాకముందే దాని ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలని కేంద్రం 2014లో ఒక విధానం పెట్టుకుంది. అది చట్టం కాదు, పాటించకపోతే అడిగే నాథుడు లేడు, చాలా బిల్లులకు పాటించరు కూడా. పెట్టినప్పుడు మాత్రం ఇంతకంటే చవకైన అవకాశం లేదు. సభలో పెట్టాక క్లాజు మార్చడం మంత్రికి పరువు సమస్య అవుతుంది. ముసాయిదాలో మార్చడానికి శాఖలో ఒక అధికారి ఒప్పుకుంటే చాలు. ఈమెయిల్ పంపడానికి పైసా ఖర్చు లేదు. సంబంధిత మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్ నెలకోసారి చూస్తూ ఉండండి, అంతే.

కమిటీల్లో మూడు రకాలు: ఒకదానికి రాసినట్టు ఇంకోదానికి రాయకూడదు

అందరూ ‘కమిటీకి పంపారు’ అనేస్తారు. ఏ కమిటీకి అన్నదాన్ని బట్టి మీరు రాసే కాగితం మారాలి.

మొదటిది స్టాండింగ్ కమిటీ. శాఖలవారీగా ఇలాంటివి 24 ఉన్నాయి. 1993లో 17తో మొదలై 2004లో 24 అయ్యాయి. ఒక్కోదానిలో 31 మంది, అందులో లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. మంత్రులకు చోటు లేదు. బిల్లును వీటికి పంపాలా వద్దా అన్నది స్పీకర్ లేదా రాజ్యసభ ఛైర్మన్ చేతిలో ఉంటుంది, పంపి తీరాలన్న నియమం లేదు. ఈ కమిటీ బిల్లు పాఠాన్ని తాను దిద్దదు, నివేదిక ఇస్తుంది. ఆ సిఫార్సులు తీసుకోవాలా వద్దా అన్నది ప్రభుత్వం ఇష్టం. భారతీయ న్యాయ సంహిత సంగతి చూడండి. 2023 ఆగస్టులో బిల్లు పెట్టారు, హోం శాఖ స్టాండింగ్ కమిటీ నవంబరులో నివేదిక ఇచ్చింది, డిసెంబరులో పాత బిల్లు వెనక్కి తీసుకుని కొత్తది తెచ్చారు. కమిటీ చెప్పిన కొన్ని మార్పులు అందులోకి వచ్చాయి. వ్యభిచారాన్ని స్త్రీ పురుషులిద్దరికీ సమానంగా వర్తించే నేరంగా మళ్లీ పెట్టమన్న సిఫార్సు మాత్రం రాలేదు.

రెండోది సెలెక్ట్ కమిటీ. ఒక్క సభలోని సభ్యులతో, ఒక్క బిల్లు కోసం వేస్తారు, పని అయ్యాక ఉండదు. మన అసెంబ్లీలో వేసే సభా సంఘంలా అనుకోండి, కాకపోతే దీని చేతిలో ఏకంగా బిల్లే ఉంటుంది. క్లాజుల్లో మాటలు మార్చి, మార్చిన బిల్లునే సభకు తిరిగి పంపగలదు. మూడోది జాయింట్ కమిటీ, పేపర్లలో రాసే జేపీసీ. అదే అధికారం, రెండు సభల సభ్యులూ ఉంటారు.

తేడా పైకి చిన్నదే. మన రాతకు మాత్రం చాలా పెద్దది. స్టాండింగ్ కమిటీకి రాసేటప్పుడు ‘ఈ విధానం వల్ల మా వృత్తిలో ఫలానా నష్టం’ అని లెక్కలతో వివరించాలి. వాళ్లు ఏడాది పొడుగునా ఆ శాఖ బడ్జెట్‌ను చూస్తూ ఉంటారు కాబట్టి వాళ్లకు ఆ భాష అర్థమవుతుంది. సెలెక్ట్, జాయింట్ కమిటీలకైతే ‘ఫలానా క్లాజు, ఫలానా ఉపక్లాజు, ఈ పదం తీసి ఈ పదం పెట్టండి’ అని రాయాలి. వాళ్ల చేతిలో కలం ఉంది, దాన్ని ఎక్కడ ఆనించాలో మీరు చూపించాలి.

దీనికి నాకు నచ్చిన ఉదాహరణ 2025 నాటి ఆదాయపు పన్ను బిల్లు. ఫిబ్రవరి 13న లోక్‌సభలో పెట్టి, బైజయంత్ పాండా అధ్యక్షతన 31 మంది సెలెక్ట్ కమిటీకి పంపారు. మొదటి బిల్లులో ఒక చోట, గడువు దాటాక రిటర్న్ వేసినవాళ్లకు రిఫండ్ రాకుండా పోయే మెలిక ఉంది. టీడీఎస్ కోత పడ్డ చిన్న ఉద్యోగి ఒళ్లు బాగోక ఆలస్యంగా రిటర్న్ వేస్తే తన డబ్బు తనకు రాదన్నమాట. కమిటీ జులై 21న 285 సూచనలతో నివేదిక ఇచ్చింది, ఈ మెలిక తీసేయమని కూడా చెప్పింది. ఆగస్టు 8న ప్రభుత్వం బిల్లు వెనక్కి తీసుకుంది. ఆగస్టు 11న పెట్టిన కొత్త బిల్లులో ఆ మెలిక లేదు. ఆ కొత్త బిల్లు లోక్‌సభలో అదే రోజు, చర్చ లేకుండా, నిమిషాల్లో మూజువాణితో పాసైంది. కమిటీ గదిలో అయిదు నెలలు, సభలో కొన్ని నిమిషాలు. మీ రిఫండ్ మాట ఎక్కడ తేలిందో మీరే చూడండి.

అలాగని కమిటీ పేరు వినగానే మురిసిపోనక్కర్లేదు. 2023లో అటవీ సంరక్షణ సవరణ బిల్లు వచ్చింది. మన ఏజెన్సీ ప్రాంతాలకు నేరుగా తగిలే విషయం. పర్యావరణ స్టాండింగ్ కమిటీకి అప్పుడు కాంగ్రెస్ ఎంపీ జైరాం రమేష్ అధ్యక్షుడు. బిల్లు అక్కడికి వెళ్లలేదు, దాని కోసం విడిగా జాయింట్ కమిటీ వేశారు. ఆ కమిటీ ఒక్క మార్పూ చెప్పకుండా నివేదిక ఇచ్చింది. ప్రతిపక్ష సభ్యులు కొందరు అసమ్మతి నోట్లు జతచేశారు, ఆగస్టుకల్లా బిల్లు రెండు సభలూ దాటేసింది. కాబట్టి ఏ కమిటీ అన్నది తెలిశాక దానికి అధ్యక్షుడెవరు, అధికార పక్షం సభ్యులెందరు అన్నది కూడా చూడండి. అసమ్మతి నోట్ ఓడిపోయినవాళ్ల ఏడుపు అని కొట్టిపారేయకండి. మీ వాదన అధికారికంగా అచ్చులో మిగిలేది ఒక్కోసారి అక్కడే.

ఇక జనం నోళ్లలో నానే బిల్లుల లెక్క వేరు. 2024 ఆగస్టులో వక్ఫ్ సవరణ బిల్లును జగదాంబికా పాల్ అధ్యక్షతన 31 మంది జేపీసీకి పంపితే 97 లక్షలకు పైగా వినతులు వచ్చాయి. అన్ని ఉత్తరాలను తూకం వేయడమే తప్ప చదవడం ఎవరి తరం? కమిటీ చివరికి 15–11 ఓట్లతో నివేదికను ఆమోదించుకుంది. 2025 ఏప్రిల్‌లో అర్ధరాత్రి దాటాక లోక్‌సభలో 288–232తో, మర్నాటి రాత్రి రాజ్యసభలో 128–95తో బిల్లు పాసైంది. అలాంటి బిల్లులో మీ పది పేజీలు సముద్రంలో కాకిరెట్ట. అదే ఎవరూ పట్టించుకోని తూనికలు కొలతల బిల్లో, గిడ్డంగుల బిల్లో అయితే మీ పది పేజీలను కమిటీ సిబ్బంది ఎర్ర పెన్నుతో గీతలు గీసుకుంటూ చదువుతారు. ఎంత అనామకపు బిల్లయితే మీ ఉత్తరానికి అంత విలువ.

కమిటీలో మనకు కలిసొచ్చే ఇంకో సంగతి ఉంది. పార్టీ విప్, అంటే ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశం, అక్కడ పనిచేయదు. ఫిరాయింపుల నిరోధక చట్టం, అంటే 1985లో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూలు, సభలో వేసే ఓటుకే వర్తిస్తుంది. కమిటీ సమావేశాలు తలుపులు మూసి జరుగుతాయి, కెమెరాలుండవు. సభలో గొంతు చించుకునే ఎంపీ అక్కడ టీ తాగుతూ ‘మీరన్నదీ సబబే’ అంటాడు. వక్ఫ్ లాంటి వాటిలో అక్కడా పార్టీ గీతే నడిచింది, నిజమే. చిన్న బిల్లుల్లో మాత్రం ఈ సడలింపు మనకు దొరుకుతుంది.

కాగితం ఎలా ఉండాలి

ఇక్కడ మా సంఘం తెలివితక్కువతనం చెప్పుకోవాలి. ఒకసారి బిల్లు గురించి వినగానే పదిహేను మందిమి వెళ్లి ఎంపీగారికి శాలువా కప్పాం, వినతిపత్రం ఇచ్చాం, ఫొటో దిగాం. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, ‘‘బానే ఉందయ్యా, ఇంతకీ ఏ క్లాజు?’’ అన్నారు. మాలో బిల్లు చదివినవాడు ఒక్కడూ లేడు. మా అధ్యక్షుడు ‘‘అన్ని క్లాజులూనండి’’ అన్నాడు. శాలువా ఖర్చు దండగ.

కమిటీ అభిప్రాయాలు కోరుతూ పేపర్లలో ప్రకటన ఇస్తుంది, పార్లమెంటు వెబ్‌సైట్‌లోనూ పెడుతుంది. సాధారణంగా పదిహేను రోజుల గడువు. మెమొరాండం ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ రెండు ప్రతులు అడుగుతారు. తెలుగులో పంపితే లాభం లేదు. దీని మీద నాకు మంటే, కానీ గడువు పెట్టుకుని భాషా పోరాటం మొదలుపెట్టకండి, రాయగలిగినవాళ్లతో రాయించుకోండి. కమిటీ ముందు స్వయంగా మాట్లాడాలనుకుంటే ఆ మాట ఉత్తరంలోనే స్పష్టంగా రాయాలి, రాయకపోతే పిలవరు. మరొకటి: ఇచ్చిన మెమొరాండం కమిటీ రికార్డు అవుతుంది, దాన్ని గోప్యంగా చూస్తారు. పంపిన సాయంత్రమే వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి.

ఎంపీని పట్టుకోవాలంటే మీ నియోజకవర్గం ఎంపీ దగ్గరే ఆగిపోవద్దు. ఆంధ్రప్రదేశ్ నుంచి లోక్‌సభకు 25, తెలంగాణ నుంచి 17 మంది ఉన్నారు. రాజ్యసభలో 11, 7. వీళ్లలో ఆ బిల్లు వెళ్లిన కమిటీలో ఎవరున్నారో వెతకండి. 2024లో కమిటీలు వేసినప్పుడు రైల్వే కమిటీకి అనకాపల్లి ఎంపీ సీఎం రమేష్, గృహనిర్మాణం–పట్టణ వ్యవహారాల కమిటీకి ఒంగోలు ఎంపీ మాగుంట శ్రీనివాసులురెడ్డి అధ్యక్షులయ్యారు. ఏడాదికోసారి కమిటీలను కొత్తగా వేస్తారు కాబట్టి పాత జాబితా నమ్ముకోకండి. పట్టాల పక్క భూమి సమస్య ఉన్న శ్రీకాకుళం రైతుకు తన సొంత ఎంపీ కంటే రైల్వే కమిటీలో కూర్చునే తెలుగు ఎంపీ ఎక్కువ అక్కరకొస్తాడు.

కమిటీకే పంపకపోతే?

ఇప్పుడు ఎక్కువగా జరుగుతున్నది ఇదే. పార్లమెంటు పనిని గమనించే పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ లెక్కల్లో 15వ లోక్‌సభ కాలంలో 71 శాతం బిల్లులు కమిటీలకు వెళ్లాయి, 17వ లోక్‌సభకు వచ్చేసరికి 16 శాతం. అంటే పైన చెప్పిన సలహా అంతా ఆరు బిల్లుల్లో ఒకదానికే పనికొస్తుందన్నమాట. మిగతా వాటికి రెండు దారులున్నాయి.

ఒకటి, కమిటీకి పంపమని సభలోనే తీర్మానం పెట్టించడం. అంకెలు తోడు రావాలి. 2019 జులై 30న ముమ్మారు తలాక్ బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపాలన్న తీర్మానం రాజ్యసభలో 84–100తో వీగిపోయింది, వెంటనే బిల్లు 99–84తో పాసైంది. రెండోది, మీ ఎంపీతో సవరణ ఇప్పించడం. ప్రతిపక్ష ఎంపీ సవరణ నెగ్గడం అరుదు. కానీ ఆ సవరణ మీద మంత్రి లేచి ‘మీ భయం అనవసరం, రూల్స్‌లో ఈ మినహాయింపు ఇస్తాం’ అని సభలో అంటే ఆ మాట రికార్డులో ఉండిపోతుంది. రేపు చట్టం అమలు కోసం శాఖ రూల్స్ రాసేటప్పుడు ఆ కాగితం పట్టుకెళ్లి శాఖను నిలదీయొచ్చు. నేనైతే సవరణ నెగ్గాలని ఆశపడను, ఆ మాట అనిపించమని అడుగుతాను.

ద్రవ్య బిల్లు, అంటే పన్నులు, ప్రభుత్వ ఖర్చుల బిల్లు అని స్పీకర్ ధ్రువీకరిస్తే దారి ఇంకా ఇరుకు. జాయింట్ కమిటీ ఉండదు, రాజ్యసభ 14 రోజుల్లో సలహా మాత్రమే ఇవ్వగలదు. 2016లో ఆధార్ చట్టం అలాగే వచ్చింది.

బిల్లు అసలే వద్దనుకునేవాళ్లకు లెక్క తిరగబడుతుంది. వాళ్లకు కమిటీలో జాప్యమే లాభం. 2022 ఆగస్టులో విద్యుత్ సవరణ బిల్లును ఇంధన శాఖ స్టాండింగ్ కమిటీకి పంపారు, అది తేలకముందే 17వ లోక్‌సభ రద్దయి బిల్లు మురిగిపోయింది. డేటా రక్షణ బిల్లు 2019 డిసెంబరులో జేపీసీకి వెళ్లి, రెండేళ్లకు 81 సవరణలతో బయటికొచ్చి, 2022 ఆగస్టులో ఉపసంహరణకు గురైంది. మరుసటి ఏడాది వచ్చిన కొత్త బిల్లు మాత్రం ఏ కమిటీకీ వెళ్లకుండా పాసైంది. ఒకసారి ఆగిందని గుండె మీద చెయ్యేసుకుని పడుకుంటే ఇలాగే అవుతుంది.

ఓటింగ్ రోజు: మూజువాణా, డివిజనా

మూజువాణి అంటే స్పీకర్ ‘అనుకూలురు అవుననండి, ప్రతికూలురు కాదనండి’ అని అడిగి, చెవికి తోచినదాన్ని బట్టి తేల్చేయడం. చాలా బిల్లులు ఇలాగే పాసవుతాయి. తప్పేమీ లేదు, ఎవరికీ అభ్యంతరం లేనివాటికి సమయం వృథా చేయడం దేనికి? స్పీకర్ తీర్పును ఎవరైనా సవాలు చేస్తే లాబీలు ఖాళీ చేయిస్తారు, గంటలు మోగుతాయి. లోక్‌సభలో మూడు నిమిషాల ముప్పై సెకన్లయ్యాక మళ్లీ అడుగుతారు. మళ్లీ సవాలు చేస్తే డివిజన్. సీటు దగ్గరి మీట నొక్కాలి: అవునుకు ఆకుపచ్చ, కాదుకు ఎరుపు, తటస్థానికి పసుపు. పేరు పేరునా రికార్డవుతుంది. సవాలు అనవసరం అనుకుంటే స్పీకర్ సభ్యులను నిలబెట్టి తలలు లెక్కించొచ్చు, అప్పుడు అంకెలే తప్ప పేర్లుండవు.

డివిజన్ అడిగితే ప్రతిసారీ దక్కుతుందనీ లేదు. 2020 సెప్టెంబర్ 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లుల మీద ప్రతిపక్షం డివిజన్ కోరింది. సభ్యులు తమ సీట్లలో ఉండి అడగలేదన్న కారణంతో గందరగోళం మధ్య మూజువాణితోనే ముగించారు. ఏడాది తిరిగాక, 2021 నవంబర్ 29న అవే చట్టాల రద్దు కూడా చర్చ లేకుండా మూజువాణితోనే జరిగిపోయింది. రావడమూ పోవడమూ ఒకే తీరు.

రాజ్యాంగ సవరణకైతే డివిజన్ తప్పనిసరి. హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు కావాలి, పైగా సభ మొత్తం సంఖ్యలో సగానికి మించాలి. 2023 సెప్టెంబర్ 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో 454 అవును, 2 కాదు. ఆ రెండూ మజ్లిస్ ఓట్లు, ఒకటి హైదరాబాద్ ఎంపీది. డివిజన్ కాబట్టే ఇది మనకు ఇంత కచ్చితంగా తెలుసు. జమిలి ఎన్నికల బిల్లును 2024 డిసెంబర్ 17న ప్రవేశపెట్టడానికి వచ్చిన ఓట్లు 269–198. ప్రవేశపెట్టడానికి మామూలు మెజారిటీ చాలు కాబట్టి గట్టెక్కింది. అదే 467 మంది ఓటేసినప్పుడు పాస్ కావాలంటే 312 రావాలి. బిల్లు 39 మంది జేపీసీకి వెళ్లింది. ఇలాంటి చోట చిన్న పార్టీల ఎంపీల దగ్గరికి వెళ్లడం వృథా కాదు, మూడింట రెండొంతుల లెక్కలో ఒక్కో ఓటుకూ బరువుంటుంది.

మామూలు బిల్లుకు మాత్రం ‘మీరు వ్యతిరేకంగా ఓటేయండి’ అని అధికార పక్ష ఎంపీని అడగడం ఆయన్ని ఇబ్బంది పెట్టడమే. విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయీ ప్రభుత్వం విశ్వాస తీర్మానంలో 269–270తో పడిపోయినప్పుడు స్పీకర్ మన అమలాపురం ఎంపీ జీఎంసీ బాలయోగి. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీగా కొనసాగుతున్న గిరిధర్ గమాంగ్ ఓటేయొచ్చా అన్నది వివాదం. ఆయన అంతరాత్మకే వదిలేస్తున్నానన్నారు బాలయోగి, గమాంగ్ ఓటేశారు. అంతరాత్మ మాట సభలో వినిపించిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఓటింగ్ రోజు ఎంపీని అడగదగ్గది ఇంతకంటే చిన్న కోరిక: ‘‘మీ పార్టీ అభ్యంతరం చెప్పేదైతే సీట్లో కూర్చుని డివిజన్ అడగండి’’.

మీ చేతిలో ఎన్ని రోజులున్నాయి?

నెల ఉందంటే, ముసాయిదా దశలోనే ఉందంటే శాఖకు రాయండి. కమిటీ ప్రకటన వచ్చిందంటే మిగతా పనులన్నీ ఆపి మెమొరాండం మీద కూర్చోండి. బిల్లు సభలో పెట్టారు, కమిటీ లేదు, వారం ఉంది అంటే సవరణ ఇవ్వగల ఎంపీని వెతకండి, సవరణ పాఠం మీరే రాసివ్వండి. నోటీసు సభలో బిల్లు చర్చకు వచ్చే రోజుకు కనీసం ముందురోజైనా చేరాలి. ఒక సభ దాటేసిందంటే ఢిల్లీ టికెట్ తీసుకునే ముందు రెండో సభలో అంకెలు చూడండి. రెండూ దాటేస్తే రూల్స్ ముసాయిదా కోసం గెజిట్ చూస్తూ ఉండండి. అసలు మన జేబుకు తగిలే అంకెలు, ఫారాలు, గడువులు ఎక్కువగా వచ్చేది ఆ రూల్స్‌లోనే. వాటి మీద అభిప్రాయాలు చెప్పడానికి ముప్పై రోజుల గడువు ఇచ్చిన సందర్భాల్లో మా సంఘం పంపిన కాగితాలకు జవాబు కూడా వచ్చింది, ఒకసారి కాదు, రెండుసార్లు. శాలువా లేకుండానే.